సమాధుల తోట బాగుచేయబోయే ముందు: అపోహలు - వాస్తవాలు

నవంబరు 2, అంటే క్రైస్తవుల సమాధుల పండుగ, దగ్గరపడితే కోస్తా ఊళ్ళల్లో సమాధుల తోటలకు కళ వస్తుంది. గడ్డి కోస్తారు, వెల్ల వేస్తారు, దండలు, కొవ్వొత్తులు తెస్తారు. ఈమధ్య కట్టినవాటికి దీనివల్ల ముప్పేమీ లేదు. బందరు, భీమిలి లాంటి చోట్ల అదే ఊపులో వందల ఏళ్ళనాటి రాళ్ళ మీదా చెయ్యి వేస్తేనే చిక్కు. ఇన్ని తుపానులకు ఓర్చుకున్న రాయి ఒక్క ఆసిడ్ సీసాకు లొంగిపోతుంది.

అపోహ: పాతవన్నీ ఇంగ్లీషు దొరల సమాధులే.

డచ్చివాళ్ళు బందరులో వ్యాపారం మొదలుపెట్టింది 17వ శతాబ్దం తొలి ఏళ్ళలోనే. భీమిలి 1824 ఇంగ్లీషు-డచ్చి ఒప్పందం తర్వాత, 1825లో గాని శాశ్వతంగా ఇంగ్లీషువాళ్ళ చేతికి రాలేదు. రాతి మీద ‘హీర్ లెయ్ట్ బెగ్రావెన్’ అని మొదలైతే అది డచ్చి. ‘ఇక్కడ సమాధి అయినది’ అని అర్థం. వయసు చాలాసార్లు ఏళ్ళు, నెలలు, రోజులతో సహా చెక్కి ఉంటుంది. వివరాలు వెతకాలన్నా ఈ తేడా తెలియాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్ళు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అపోహ: సుద్దముక్క రుద్దితేనే అక్షరాలు కనబడతాయి.

రుద్దిన కొద్దీ అంచులు అరుగుతాయి. పొడి సందుల్లో ఉండిపోతుంది. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడనివ్వండి, చెక్కిన గాడుల్లో నీడ నిలిచి పేరు చదవడానికి వస్తుంది. పగలైతే నిలువుటద్దంతో ఎండను అలాగే పక్కకు మళ్ళించవచ్చు. నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి, సమాధికో నంబరు వేసి, కాగితం మీద పటం గీసుకున్నాకే మిగతా పని.

అపోహ: ఆసిడ్‌తో కడిగితే కొత్తదానిలా మెరుస్తుంది.

మెరుస్తుంది, పై పొర కరిగిపోయింది గనక. పాలరాయి, సున్నపురాయి ఆసిడ్ తగలగానే బుసబుసా పొంగుతాయి. ఆ పొంగేది రాయే. గ్రానైట్ కరగదు గాని, అందులోని ఇనుము బయటపడి పసుపు మరకలు తేలతాయి.

ముందు వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే, పెచ్చులు లేస్తుంటే నీళ్ళు కూడా పోయకండి. గట్టిగా ఉంటే మంచినీళ్ళతో బాగా తడిపి, మెత్తని నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దండి. పైనుంచి మొదలుపెడితే మురికి చారలు ఎండిన రాతి మీదికి దిగి అక్కడే ఉండిపోతాయి. నాచు పట్టినచోట వెదురు పుల్ల చాలు. ఇనుప బ్రష్, ప్రెషర్ పంపు వద్దు. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవీ వద్దు. రాతిలోకి ఇంకిన ఉప్పు ఎండాక స్ఫటికాలు కట్టి లోపలి నుంచి పొట్టు రాలుస్తుంది.

వెల్ల సంగతి వేరు. సున్నపు పూత ఉన్న ఇటుక సమాధికి సున్నంతో వెల్ల మంచిదే. చెక్కిన రాతికి వేస్తే మాత్రం ఏటేటా అక్షరాలు పూడిపోతాయి. ఎమల్షన్ పెయింటు దేనికీ పనికిరాదు.

అపోహ: పగుళ్ళకు సిమెంటే గట్టి.

గట్టిదే, అదే దాని దోషం. పాత ఇటుక, సున్నం తేమను పీల్చి వదులుతాయి. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, కొన్నేళ్ళకు సిమెంటు నిలిచి ఉంటుంది గాని చుట్టూ ఇటుక పొడైపోతుంది. ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్ళు కడిగిన ఏటి ఇసుక కలపండి. ఒడ్డున ఇసుక ఊరికే దొరుకుతుందని తెచ్చుకోకండి, దాన్నిండా ఉప్పే. అతుకు వెడల్పుకు రెండింతల లోతు గీకి, తడిపి, సెంటీమీటరు మందానికి మించకుండా పొరలుగా దట్టించాలి. వారం రోజులు తడి గోనె కప్పాలి. సున్నం గాలి తగిలి గట్టిపడేది మెల్లిగా, తొందరగా ఎండితే పిండైపోతుంది. మే నెల ఎండలోనూ ముసురులోనూ ఈ పని పెట్టుకోకండి.

అపోహ: రావి మొక్కను పీకేస్తే సరి.

వేరుతోపాటు గోడా వస్తుంది. జానెడు వదిలి కోసి, పచ్చి మొదలుకు లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళ చేత మందు పూయించండి. పూర్తిగా ఎండాకే తీసి, ఖాళీని సున్నంతో నింపండి. నిప్పు పెట్టారో, రాయి పగులుతుంది.

అపోహ: ఒరిగిన రాయిని నలుగురం కలిసి లేపేద్దాం.

రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక దాదాపు 800 కిలోలు. దానికి చెయిన్ పుల్లీ, మూడు కాళ్ళ స్టాండు, తెలిసిన మేస్త్రీ కావాలి.

అపోహ: వారసులు లేరు గనక స్థలం ఎవరైనా వాడుకోవచ్చు.

గేటు దగ్గర కేంద్ర పురావస్తు శాఖ నీలం బోర్డు ఉందేమో చూడండి. ఉంటే పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం, దాని 2010 సవరణ వర్తిస్తాయి. చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైన చెప్పిన సున్నం పని కూడా అక్కడ మీరు చేయకూడదు, శాఖవాళ్ళే చేయాలి. బోర్డు లేకపోతే చర్చి కమిటీనో మున్సిపాలిటీనో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే బ్రష్ పట్టుకోండి.