తలంబ్రాలు మళ్లీ పోయించలేం: కెమెరా సెట్టింగులపై అపోహలు, వాస్తవాలు

నేను ఒంటరిగా తీసిన మొదటి పెళ్లి అమలాపురం దగ్గర ఒక పల్లెలో. ముహూర్తం రాత్రి రెండు దాటాక. జీలకర్ర బెల్లం అయ్యేసరికే ఫ్లాష్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. ఇక మండపం లైట్లే దిక్కు. నాకు పని నేర్పిన మేస్టారి మాట ఒకటి బుర్రలో గట్టిగా కూర్చుని ఉంది: "ఐఎస్ఓ 400 దాటించావంటే గ్రెయిన్స్ వస్తాయి, ఫోటో చెడుతుంది." ఐఎస్ఓ అంటే పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె. గ్రెయిన్స్ అంటే ఫోటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు. దాటించలేదు. అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ 4 (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). షట్టర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం, సెకనులో 1/30 వంతు. తలంబ్రాలు మొదలయ్యాయి. ఇద్దరూ పోటీపడి పోసుకున్నారు. నేను ఎనభై దాకా క్లిక్ చేశాను.

తెల్లారి కంప్యూటర్‌లో చూస్తే పెళ్లికూతురికి చేతులు లేవు. మోచేతుల దగ్గర్నుంచి పసుపు రంగు పొగ. బియ్యపు గింజలన్నీ గీతలు. ఒక్క ఫోటోలోనూ గ్రెయిన్ లేదు, ఒక్క ఫోటో కూడా ఆల్బమ్‌కి పనికిరాలేదు. ఆల్బమ్ చివరిదాకా తిరగేసి ఆ అమ్మాయి నాన్నగారు అడిగారు: "ఏం బాబూ, మావాళ్లు తలంబ్రాలు పోసుకోలేదా?"

ఇప్పుడు నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు కూడా సరిగ్గా అదే భయంతో వస్తున్నారు. ఈలోగా కెమెరాలు ఎంతో మారాయి. మాటలే మారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఐఎస్ఓ ఎంత తక్కువైతే ఫోటో అంత బాగుంటుంది

పట్టపగలు ఎండలో అయితే నిజమే, 100 పెట్టుకోండి. లైటు లేనిచోట ఈ మాట పట్టుకుని కూర్చుంటే నా గతే.

మేస్టారిది తప్పని అనను. ఆయన ఫిల్మ్ రోజుల మనిషి. రీలు ఒకసారి ఎక్కిస్తే 36 ఫోటోలూ అదే స్పీడు. 400 దాటిన రీళ్లలో గ్రెయిన్ కొట్టొచ్చినట్టు కనిపించేది కూడా. డిజిటల్‌లో ప్రతి క్లిక్కుకీ ఐఎస్ఓ మార్చుకోవచ్చు. ఆ వెసులుబాటుకి డబ్బు కట్టి కెమెరా కొని, తీరా వాడుకోకపోవడం ఏం లెక్క?

అసలు గ్రెయిన్స్ ఎందుకు వస్తాయో చూడండి. ఐఎస్ఓ పెంచితే సెన్సార్ (ఫిల్మ్ బదులు వెలుతురు పట్టే చిప్) మీద అదనంగా ఒక్క చుక్క వెలుతురు కూడా పడదు. పడిన వెలుతురు నుంచి వచ్చిన సిగ్నల్‌ని కెమెరా పెంచి చూపిస్తుంది, అంతే. పంతులుగారు మైకుకి దూరంగా కూర్చుని మెల్లగా మంత్రం చదువుతున్నారనుకోండి. సౌండ్ పెంచితే మంత్రంతోపాటు గురగురా పెరుగుతుంది. ఆ గురగుర సౌండ్ పెంచినందుకు పుట్టింది కాదు, మొదట్నుంచీ ఉన్నదే. మైకు ఆయన దగ్గరికి జరిపితే అదే తగ్గుతుంది. కెమెరాలోనూ గ్రెయిన్స్‌కి అసలు కారణం లోపలికి వచ్చిన వెలుతురు చాలకపోవడమే. ఉన్న లైటులోంచి ఎంత లోపలికి రావాలో తేల్చేవి రెండే: అపర్చర్, షట్టర్.

ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి, కంప్యూటర్‌లో పెంచుకుంటామనేవాళ్లు ఉన్నారు. పెంచగానే ఆ గ్రెయిన్సే బయటికొస్తాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా, నీడల్లో రంగులు కూడా పాడై. దాచిపెట్టామనుకున్న అప్పు వడ్డీతో వచ్చినట్టు.

ఆ రాత్రి నేను చేయాల్సిన లెక్క ఇంతే. షట్టర్ 1/30 నుంచి 1/60, 1/125, 1/250. మూడు మెట్లు. ప్రతి మెట్టుకీ వెలుతురు సగమవుతుంది. ఐఎస్ఓ 400 నుంచి 800, 1600, 3200. ఇదీ మూడు మెట్లే. ఫోటో వెలుగు అంతే ఉండేది, చేతులు చేతుల్లా కనిపించేవి. గ్రెయిన్స్ వచ్చేవా? వచ్చేవి. సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు తగ్గించొచ్చు, ఆల్బమ్ ప్రింట్‌లో మరీ కనిపించవు కూడా. కదిలిపోయిన చేతిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు.

నేనిప్పుడు ముందు షట్టర్ ఖాయం చేసుకుంటాను. కుదురుగా కూర్చున్న మనుషులకి 1/125. తలంబ్రాలకి కనీసం 1/250. ఊరేగింపులో డాన్సులకి 1/500. తర్వాత అపర్చర్. ఐఎస్ఓ ఎక్కడ ఆగితే అక్కడ ఆగనీ అని ఆటోకి వదిలేసి, పైన 6400 హద్దు పెడతాను. పాత కెమెరా అయితే 3200.

అపోహ: అలాగైతే షట్టర్ ఎంత వేగంగా పెడితే అంత మంచిది

ఇది పై పాఠం నేర్చుకున్నవాడు మర్నాడే చేసే తప్పు. నేనూ చేశాను.

మన కరెంటు అటూ ఇటూ దిశ మారే రకం, సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. నాసిరకం ఎల్ఈడీలు, పాత ట్యూబులైట్లు దానితోపాటు ఒక్కో చుట్టుకి రెండుసార్లు, అంటే సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ 1/100 ఉంటే ఒక వెలుగు-తగ్గు పూర్తిగా పడుతుంది, 1/50 అయితే రెండు పడతాయి, ఇబ్బంది లేదు. 1/500 పెడితే అందులో ముక్క మాత్రమే దొరుకుతుంది: ఒక ఫోటో వెలుగ్గా, పక్క ఫోటో దిగులుగా, లేదా ఫోటో నిండా అడ్డంగా నల్లటి చారలు. చప్పుడు లేకుండా తీసే సైలెంట్ షట్టర్‌తో ఈ చారలు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అందులో సెన్సార్‌ని వరసలు వరసలుగా చదువుతుంది. మండపం వెనక ఎల్ఈడీ తెర ఉంటే నేను సైలెంట్ షట్టర్ జోలికే పోను.

ఫంక్షన్ హాల్లోకి వెళ్లగానే నేను చేసే మొదటి పని ఇదే. తెల్లటి గోడకో పరదాకో కెమెరా పెట్టి 1/500లో పది ఫోటోలు గబగబా కొట్టి చూస్తాను. చారలు వస్తే కుదిరినంత వరకు 1/100లో ఉంటాను, తలంబ్రాల దగ్గర ఫ్లాష్ వాడతాను. కొన్ని కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. లైటు బాగా వెలిగే క్షణం చూసి క్లిక్కుమంటుంది. మీ మెనూలో ఉందేమో వెతకండి.

ఫ్లాష్ అన్నాను కాబట్టి ఇంకొకటి. మామూలుగా ఫ్లాష్‌తో షట్టర్ 1/200 లేదా 1/250 దాటకూడదు, కెమెరాని బట్టి. దాటితే ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ వస్తుంది. కెమెరా పాడైపోయిందని రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసిన శిష్యులున్నారు.

అపోహ: మాన్యువల్‌లో తీసేవాడే అసలు ఫోటోగ్రాఫర్

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫోటోలు తీశారు. ఆయన కెమెరాలో ఆటో అనేదే లేదు. ఉంటే వాడేవారు కాదని ఎవరు చెప్పగలరు?

లైటు మారని చోట మాన్యువల్, అంటే సెట్టింగులన్నీ మనమే పెట్టుకోవడం, హాయి. మండపం మీద లైట్లు కట్టేసి ఉన్నాయి, ఫ్లాష్ ఉంది, ఒకసారి సెట్ చేసుకుంటే గంటసేపు ముట్టుకోనక్కర్లేదు. అదే ఊరేగింపులో జనరేటర్ లైట్లు, బాణసంచా, మధ్యలో చీకటి సందు. అక్కడ మాన్యువల్‌లో చక్రం తిప్పుతూ ఉంటే పెళ్లికొడుకు గుర్రం దిగి లోపలికి వెళ్లిపోతాడు. అక్కడ నాది అపర్చర్ మోడ్ (అపర్చర్ నేను పెడతాను, షట్టర్ కెమెరా చూసుకుంటుంది), లేదా అపర్చర్, షట్టర్ రెండూ నేను పెట్టి ఐఎస్ఓ ఆటో. కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే: నికాన్, సోనీ డయల్ మీద 'ఏ' అని ఉంటుంది, అది ఆటో కాదు, అపర్చర్. కానన్‌లో అదే 'ఏవీ'.

మాన్యువల్ నేర్చుకోవద్దని కాదు. మూడింటి మధ్య లెక్క ఒంటబట్టాలంటే నెల రోజులు అందులోనే తీయాలి. తర్వాత మోడ్ గురించి పంతం అక్కర్లేదు.

అపోహ: మీటర్ సున్నా దగ్గర ఉంటే ఎక్స్‌పోజర్ సరిపోయినట్టే

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి పట్టుచీర తెలియదు, పెళ్లికూతురు తెలియదు. ఎదురుగా ఏమున్నా దాన్ని నడిమిరకం బూడిద రంగు వెలుగుకి తేవాలని చూస్తుంది. ఇప్పటి కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి కానీ మూల స్వభావం అదే.

మధుపర్కాలు కట్టుకున్న జంటని దగ్గరగా తీసి చూడండి. ఫ్రేమంతా తెలుపు. అబ్బో ఎంత వెలుతురో అనుకుని కెమెరా తగ్గించేస్తుంది, తెల్లటి నూలు బట్ట నాలుగు ఉతుకుల తర్వాతి బట్టలా మసకేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఇక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని మనం పెంచి, తగ్గించే సెట్టింగు) ప్లస్ 1 వైపు జరపాలి. చీకటి దృశ్యానికి తగ్గింపు, తెల్లటి దానికి పెంపు. బుద్ధికి తలకిందులుగా అనిపిస్తుంది, అందుకే అందరూ తికమకపడతారు. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కావాలంటే రామప్ప గుడికి వెళ్లండి. బయట దూలాల కింద నిలబడ్డ మదనికలవి నిగనిగలాడే నల్లరాతి శిల్పాలు. ఫ్రేమ్ నిండా తీస్తే కెమెరా వాటిని బూడిద రంగు రాళ్లు చేసి పెడుతుంది. మైనస్ 1 పెడితే నలుపు నలుపుగా, ఆ నునుపు మీద మెరుపు మెరుపుగా వస్తుంది.

రంగుల్లోనూ ఇదే తంతు. పెళ్లికూతుర్ని చేసే రోజు పసుపు, పసుపు చీరలు, బంతిపూలు. రంగుల్ని కెమెరా తనంతట తానే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఇంత పసుపు ఏదో తేడా అనుకుని నీలం కలుపుతుంది, మనుషులు జ్వరం తగిలినట్టు పాలిపోతారు. పగటి వెలుతురులో అయితే డేలైట్ అని ఖాయంగా పెట్టేయండి.

అపోహ: వెనకంతా బ్లర్ అయితేనే ప్రొఫెషనల్ ఫోటో

50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొన్న వారం రోజులు అందరికీ ఈ జబ్బు ఉంటుంది. మంచి లెన్సే. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6, దానికంటే ఇది తొమ్మిది పది రెట్లు ఎక్కువ వెలుతురు ఇస్తుంది. కొత్త బాడీ కొనాలనుకునేవాళ్లకి ముందు ఇదే కొనమంటాను.

కానీ మామూలు క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) కెమెరా మీద ఈ లెన్స్‌తో ఎఫ్ 1.8లో ఆరడుగుల దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా ఉండే లోతు సుమారు బెత్తెడు. పెళ్లికూతురు కాస్త ముందుకి వంగితే కళ్లు, ముక్కుపుడక ఫోకస్ బయట. పన్నెండడుగుల దూరం నుంచి గ్రూపు ఫోటో తీస్తే ఆ లోతు అడుగున్నర కూడా ఉండదు. మూడు వరుసల్లో బంధువులు. వెనక వరుసలో నిలబడేది ఎప్పుడూ మేనమామలు, పెదనాన్నలు. బ్లర్ అయ్యేది వాళ్లే, ఫోన్ చేసి అడిగేదీ వాళ్లే. గ్రూపుకి ఎఫ్ 8 పెట్టి మధ్య వరుస మీద ఫోకస్ చేయండి. అదే దూరంలో లోతు అయిదడుగులు దాటుతుంది. లైటు చాలదా? ఐఎస్ఓ పెంచండి. మళ్లీ మొదటికే వచ్చామని తెలుసు.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువ

1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరాది 0.01 మెగాపిక్సెల్, ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు. అప్పుడు మెగాపిక్సెళ్ల గురించి బెంగపడటంలో అర్థం ఉంది. ఇప్పుడు 24 మెగాపిక్సెల్ ఫోటో అంటే 6000 అడ్డం, 4000 నిలువు. మన పెళ్లి ఆల్బమ్‌లో పెద్ద షీటు 12 బై 36 అంగుళాలు. ఒకే ఫోటో షీటంతా పరిచినా అంగుళానికి 160 పైగా పిక్సెళ్లు పడతాయి. ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది చాలు. 4కే టీవీ చూపించేది సుమారు 8 మెగాపిక్సెళ్లే.

సెన్సార్ సైజు అడగండి. ఫుల్ ఫ్రేమ్ 36 బై 24 మిల్లీమీటర్లు. చాలా ఫోన్లలో పొడవైన వైపు కూడా 10 మిల్లీమీటర్ల లోపే. 108, 200 మెగాపిక్సెళ్లని రాసి ఉన్న ఫోన్లు మామూలుగా పక్కపక్క పిక్సెళ్లని కలిపేసి 12 మెగాపిక్సెళ్ల ఫోటోయే ఇస్తాయి. వాళ్లకీ తెలుసన్నమాట.

అపోహ: రాలో తీస్తే ఏదైనా తర్వాత సరిచేసుకోవచ్చు

రా అంటే సెన్సార్ పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైలు, జేపెగ్ అంటే మామూలుగా పంపుకునే కుదించిన ఫోటో ఫైలు. రాలో చాలా వెసులుబాటు ఉంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లుంటే 14 బిట్ రాలో 16,384. రంగు తేడా, కొంత చీకటి సర్దుకోవచ్చు. ఫోకస్ తప్పితే సర్దలేం, కదిలితే సర్దలేం, నుదుటి మీద లైటు పడి పూర్తిగా తెల్లబడిపోతే అక్కడ సమాచారమే ఉండదు. కార్డు కూడా రెట్టింపు కంటే ఎక్కువే తింటుంది, రెండు కార్డులు జేబులో పెట్టుకోండి.

అపోహ: ఇదంతా రావాలంటే పెద్ద కెమెరా, కోర్సు కావాలి

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఉందా? పగలు కిటికీలు తీసి, ట్యూబులైటు ఆపేసి (ఎందుకో పైన చెప్పాను), ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి దాని కింద పడుకోండి. మాన్యువల్ మోడ్, 1/30. రెక్కలు పొగలా అలికిపోయి కనిపిస్తాయి. 1/125కి రండి, 1/500కి, 1/1000కి. రెక్కలు ఒక్కొక్కటీ విడిపోతూ వస్తాయి, ఫోటో మాత్రం చీకటవుతూ పోతుంది. అపర్చర్ తెరవండి. ఇక తెరవడానికి లేదు. అప్పుడు ఐఎస్ఓ 800 చేయండి, 1600, 3200, భయపడకుండా ఇంకా పైకి. ఒక దశలో రెక్క ఆగిపోయినట్టు కనిపిస్తుంది, దాని అంచున పేరుకున్న దుమ్ముతో సహా.