నీగటా గురించి అపోహలు - వాస్తవాలు: నేల వైపు నుంచి చూస్తే

నాది జియోటెక్నికల్ ఇంజనీరింగ్, అంటే బిల్డింగ్ కట్టకముందే బోర్లు వేసి కింద మట్టి ఎలా ఉందో చెప్పే పని. మా ఫీల్డులో జపాన్‌లోని నీగటా పేరు తెలియనివాళ్ళు ఉండరు, సాయిల్ మెకానిక్స్‌లో లిక్విఫాక్షన్ (భూకంపానికి నేల ద్రవంలా మారిపోవడం) చాప్టర్ తెరిస్తే పక్కకి ఒరిగిపోయిన ఆ అపార్ట్‌మెంట్ల ఫోటో కనిపించాల్సిందే. కానీ ఆ ఫోటో దాటి ఆ ఊరి గురించి అనుకునేవి చాలావరకు తప్పులు. జూనియర్లకి చెప్పీ చెప్పీ చివరికి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: 1964 భూకంపంలో కూలినవి నాసిరకంగా కట్టిన బిల్డింగులు.

కాదండీ, అసలు కట్టడాల తప్పే లేదు. జూన్ 16 మధ్యాహ్నం ఒంటిగంటకి 7.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. షినానో నది పక్కన కవగిషిచోలో నాలుగంతస్తుల కాంక్రీటు అపార్ట్‌మెంట్లు ఒరిగాయి, ఒకటైతే దాదాపు వెల్లకిలా పడుకుంది, అయినా ముక్కలవ్వలేదు. లోపలున్నవాళ్ళు కిటికీల్లోంచి బయటికొచ్చి గోడ మీద నడుచుకుంటూ దిగారు. జరిగిందేంటంటే, నీళ్ళు నిండిన వదులు ఇసుకని గట్టిగా ఊపితే రేణువులు దగ్గరకి సర్దుకోవాలని చూస్తాయి, మధ్యలో ఉన్న నీటికి పోయే దారి ఉండదు, ప్రెషర్ పెరిగి రేణువుకీ రేణువుకీ పట్టు పోతుంది, అంతే, నేల కాసేపు చిక్కటి జావలా అయిపోతుంది. బరువైన బిల్డింగ్ దిగబడుతుంది, లోపల పాతిన తేలికపాటి ట్యాంకులు పైకి తేలతాయి.

దీనికి తోకగా ఇంకో మాట కూడా వింటుంటా, కొత్తది నిలబడుతుంది పాతది పడిపోతుంది అని. నీగటాలో తిరగబడింది. ప్రారంభమై నెల కూడా సరిగ్గా కాని షోవా బ్రిడ్జి స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) నదిలో పడిపోయాయి, 1929లో కట్టిన బందాయ్ బ్రిడ్జి నిలబడింది, ఎందుకంటే దాని కింద లోతుగా దించిన కైసన్ (పెద్ద బావిలాంటి కాంక్రీటు పెట్టె) పునాదులు ఉన్నాయి. ఆరు ఆర్చీల ఆ బ్రిడ్జి ఇవాళ్టికీ ఊరి మధ్యలో ట్రాఫిక్ మోస్తోంది.

అపోహ: ఊళ్ళో కనిపించే షినానో సహజంగా పారే నది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కొంచెం ఓపిగ్గా చదవండి. షినానో 367 కిలోమీటర్లు, జపాన్‌లో అన్నిటికన్నా పొడవైన నది, పైన నగానో ప్రాంతంలో ఉన్నంతవరకు దాన్ని చికుమా అంటారు. 1896లో గట్టుకి గండిపడి మైదానమంతా మునిగింది. ఆ తర్వాత, వరద ఊరిదాకా రాకముందే పైనే సముద్రంలోకి మళ్ళించాలని ఓకోజు దగ్గర పది కిలోమీటర్ల కాలువ తవ్వడం మొదలుపెట్టారు, 1922లో నీళ్ళు వదిలారు. 1927లో నీళ్ళు అడుగు కోసేసి అక్కడి వియర్ (నీటిని ఆపి మళ్ళించే అడ్డుకట్ట) కూలింది, పనామా కాలువలో పనిచేసిన ఒకే ఒక్క జపాన్ ఇంజనీరు అకిరా అయోయమా ఆధ్వర్యంలో 1931కి మళ్ళీ కట్టారు. వరద తగ్గింది కాబట్టి కింద ఊళ్ళో అంత వెడల్పు నది అక్కర్లేదని పూడ్చుకుంటూ వచ్చారు. 1886లో కట్టిన మొదటి బందాయ్ బ్రిడ్జి పొడవు 782 మీటర్లు, ఇప్పుడున్నది 307. ఆ తేడా అంతా ఇప్పుడు రోడ్లు, షాపులు, ఇళ్ళు. కవగిషిచో అలాంటి పాత నది చోటే, పేరుకి అర్థమే నది ఒడ్డు పేట. 1964లో జావ అయింది ఈ పాత నది చోటి ఇసుకే.

ఇంకోటి, కాలువ నీళ్ళతోపాటు ఇసుకని కూడా అటే పట్టుకుపోయింది, దానికి హార్బర్ గోడలు తోడయ్యాయి, దాంతో ఊరి ముందున్న బీచ్ వందల మీటర్లు కోసుకుపోయింది.

అపోహ: నీగటా అనాదిగా బంగారం పండే వరిభూమి.

కమెదా వైపు పొలాలు ఒకప్పుడు ఊబులు, రైతులు ఛాతీ లోతు బురదలో దిగి పడవ పక్కన పెట్టుకుని కోతలు కోసేవాళ్ళు. 1948లో కురినోకి పంపింగ్ స్టేషన్ వచ్చాకే నేల ఆరడం మొదలైంది. ఇప్పటికీ అక్కడ చాలా భాగం సముద్రమట్టం కన్నా కిందే, పంపులు ఆగితే మళ్ళీ చెరువే. 1950ల్లో గ్యాస్ కోసం, అది కలిసి ఉన్న ఉప్పునీళ్ళు భూమిలోంచి తోడితే కొన్నిచోట్ల నేల ఏడాదికి 50 సెంటీమీటర్ల దాకా కుంగింది, తర్వాత తోడటం కట్టడి చేశారు. కోషిహికారి బియ్యం కూడా పూర్తిగా ఇక్కడిది కాదు, సంకరం చేసింది 1944లో నీగటా ప్రాంతంలోని నాగావోకాలో, రకంగా తేల్చింది ఫుకుయిలో, 1956లో పేరు పెట్టారు.

అపోహ: విదేశాలకి తెరిచిన రేవు కాబట్టి యోకొహామాలా డబ్బు కురిసింది.

1858 ఒప్పందాల్లోని ఐదు రేవుల్లో ఇదొకటి, నిజమే, 1869 జనవరి 1న తెరిచారు. కానీ షినానో తెచ్చే ఇసుకతో నదిముఖం మేట వేసి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవి. కోట ఉన్న ఊరు కూడా కాదు ఇది, పశ్చిమ తీరం వెంబడి తిరిగే ఓడల మీద బియ్యం అమ్ముకున్న వర్తకుల ఊరు. ఇప్పుడు కూడా బియ్యం, బియ్యప్పిండి చిరుతిళ్ళు, సాకే (బియ్యంతో చేసే మద్యం), రేవు, ఇవే దాని బలం.

అపోహ: మినమాటా జబ్బు (పాదరసం విషం వల్ల వచ్చేది) దక్షిణాన క్యూషూ దీవిలోనే వచ్చింది.

ఊరికి రెండో నది అగానో. పైన ఫ్యాక్టరీ వదిలిన మిథైల్ మెర్క్యురీ చేపల్లోంచి జనాల్లోకి పోయింది, 1965లో బయటపడింది, 1971లో కోర్టు బాధితుల పక్షాన తీర్పిచ్చింది.

అపోహ: లిక్విఫాక్షన్ 1964తో అయిపోయిన కథ, ఒకసారి కుదురుకున్న ఇసుక మళ్ళీ కదలదు.

2024 జనవరి 1న నోటో ద్వీపకల్పంలో 7.6 భూకంపం వచ్చింది, నీగటాకి అది 150 కిలోమీటర్ల పైనే, అయినా నగరంలోని నిషి వార్డులో ఇసుకదిబ్బల వాలుల్లోనూ పాత నదిదారుల్లోనూ రోడ్లు చీలి ఇసుకనీళ్ళు పైకి తన్నుకొచ్చాయి, ఇళ్ళు ఒరిగాయి. కాబట్టి అక్కడ స్థలం చూసేవాళ్ళెవరైనా బోర్ రిపోర్టు కన్నా ముందు ఆ చోటు పాత మ్యాపు తెప్పించుకోండి, వందేళ్ళ కిందట అక్కడ నీళ్ళని చూపించే నీలం రంగు ఉందేమో చూడండి.