‘సహజ మరణం’ అనే గడి

2022లో మన దేశపు జైళ్లలో 1,995 మంది చనిపోయారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ పట్టిక ప్రకారం వాటిలో 1,773 సహజ మరణాలు, 159 అసహజ మరణాలు. అసహజ మరణాల్లో 119 ఆత్మహత్యలు. జైల్లో చావు అనగానే మనకు లాఠీదెబ్బలో, ఖైదీల కొట్లాటో గుర్తొస్తాయి. పట్టికలో మాత్రం అన్నిటికన్నా పైనున్నది గుండెజబ్బు.

ఈ ‘సహజం’ అనే మాట దగ్గరే పేచీ. వేళకు వైద్యం అందక ఖైదీ చనిపోతే దాన్ని సహజం అనాలా, అసహజం అనాలా అని 2017లో సుప్రీంకోర్టే అడిగింది. నిజమే కదా, గుండెపోటు ఎక్కడైనా గుండెపోటే. కానీ ఇంట్లో వస్తే ఆటోలో వేసుకుని పరిగెడతాం. జైల్లో రాత్రి బ్యారక్‌కు తాళం పడ్డాక ఛాతీలో నొప్పి మొదలైతే ముందు వార్డెన్‌కు వినపడాలి, తర్వాత డాక్టర్ చూడాలి, ఆ తర్వాత ఎస్కార్ట్ పోలీసులు రావాలి. గుండె రక్తనాళం మూసుకుపోయాక గడిచే ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతూ ఉంటుంది. జైలు ఆసుపత్రిలో ఒక ఈసీజీ మిషను, అది చదవగలిగే మనిషి ఉండి, ఎస్కార్ట్ కోసం ఆగకుండా అంబులెన్స్ కదిలే వీలుంటే ఆ నిమిషాలు మిగులుతాయి.

ఇంకో ముఖ్యమైన చోటు జైలు గేటు. మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, ఇంకా నేరం రుజువు కానివాళ్లు. అరెస్టయినవాడు కట్టుబట్టలతో వస్తాడు, బీపీ మాత్రలు ఇంటి అలమరాలోనే ఉండిపోతాయి. ఇన్సులిన్ మీదే బతికే మనిషికి అది ఒకటి రెండు రోజులు అందకపోయినా ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి.

అన్నిటికన్నా మోసం చేసేది మద్యం అలవాటు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడి మెదడును మద్యం మందగింపజేస్తూ ఉంటుంది, దానికి ఎదురీదడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. తాడు లాగే పోటీలో అవతలివాళ్లు ఒక్కసారిగా వదిలేస్తే ఇవతలివాళ్లు ఏమవుతారు? మద్యం ఆగిన మెదడుకూ అదే గతి. మొదటిరోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. తర్వాత ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనబడతారు, ఒళ్లు కాలిపోతుంది, గుండె లయ తప్పుతుంది. చూసేవాళ్లకు అది నాటకంలా, పొగరులా అనిపించి సెల్‌లో ఒంటరిగా వేశారంటే కథ ముగిసినట్టే. తెలంగాణలో దీనికి ఇంకో కోణం ఉంది. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్ వంటి మత్తు మందులు ఆగినా ఇదే జరుగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం ఎలా క్యూ కట్టారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వైద్యం కష్టమైనదేమీ కాదు. డైజిపామ్ లాంటి మందును తగిన మోతాదులో ఇచ్చి మెల్లగా తగ్గించాలి, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ చేయాలి. కాకపోతే గేటు దగ్గరే ‘రోజూ తాగుతావా, ఆఖరిసారి ఎప్పుడు తాగావు?’ అని ఎవరో ఒకరు కోప్పడకుండా అడగాలి.

ఆత్మహత్యల ముప్పు కూడా తొలి రోజుల్లోనే ఎక్కువ. బెయిల్ కొట్టేసిన రోజు, శిక్ష పడిన రోజు కూడా కనిపెట్టి చూడాల్సినవే. ఒంటరి సెల్ ప్రమాదాన్ని పెంచుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పక్కన మాట్లాడే మనిషి, ఇంటికి ఒక ఫోన్, టైముకు ములాఖత్: వీటిని సౌకర్యాలనుకుంటాం గానీ, ఇవి కూడా వైద్యమే.

అలాగని బ్యారక్‌లో కుక్కితే క్షయ కాచుకుని ఉంటుంది. 2022లో సగటున 100 మంది పట్టే చోట 131 మంది ఉన్నారు. సాయంత్రం తాళం పడితే తెల్లవారేదాకా అందరిదీ ఒకటే గాలి, ఒక్కడు దగ్గినా ఆ క్రిములు గంటల తరబడి అందులో తేలుతూనే ఉంటాయి. వచ్చినరోజే కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయడం, గాలి ఆడే కిటికీలు పెట్టడం అవసరమే. అసలు మందు మాత్రం లోపల జనాన్ని తగ్గించడం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపితే చాలా కేసుల్లో విడుదలకు అర్హులు.

బయటికొచ్చే గేటూ ప్రమాదమే. లోపల ఉన్నన్నాళ్లు హెరాయిన్ మానేసినవాడి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైనవాళ్లను గమనిస్తే, మొదటి రెండు వారాల్లో చావు ముప్పు మామూలు జనం కన్నా 12 రెట్లకు పైగా ఉందని 2007లో తేలింది. స్కాట్లాండ్ 2011 నుంచి విడుదలయ్యేవాళ్ల చేతికి నాలోక్సోన్ అనే విరుగుడు మందు ఇచ్చి పంపుతోంది.

మన దగ్గర కస్టడీలో ఎవరు చనిపోయినా 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల సంఘానికి కబురు చేరాలని 1993 నుంచి నియమం ఉంది. పోస్ట్‌మార్టం రక్తనాళం మూసుకుపోయిందని చెబుతుంది. వారం ముందు అతను ఛాతీ నొప్పి అన్నాడా, మాత్ర ఎవరైనా ఇచ్చారా అన్నది జైలు ఆసుపత్రి ఓపీ రిజిస్టర్‌లో ఉండాలి. విచారణకు వచ్చినవాళ్లు ముందు అడగాల్సింది ఆ రిజిస్టరే.