ఇనుప పెర్గోలా గాలికి ఎగరదా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఫ్యాబ్రికేషన్ పని చేసేవాళ్లెవరూ 2014 అక్టోబర్ 12 మర్చిపోలేరు. హుద్‌హుద్ తుపాను సరిగ్గా మన ఊరి దగ్గరే తీరం దాటింది. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ పైకప్పే దెబ్బతింది, ఇక డాబాల మీది రేకుల షెడ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు పెరట్లో గచ్చు మీద, డాబా మీద పెర్గోలా, అంటే కాళ్ల మీద నిలబెట్టి పైన వరసగా పట్టీలు వేసే పందిరి, వేయించుకునేవాళ్లు బాగా పెరిగారు. సంతోషమే. కాకపోతే డిజైను గురించి, రంగు గురించి గంటసేపు మాట్లాడినవాళ్లు కూడా కాళ్లు కింద దేన్ని పట్టుకుని నిలబడతాయో అడగరు. పని ఒప్పుకునే ముందు నేను తరచూ వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: ఇనుము కదా, ఆ బరువుకి గాలేం చేస్తుంది?

వాస్తవం: గాలి పక్కకి తోస్తుందనే అందరూ అనుకుంటారు. పైకి లేపడమే అసలు ప్రమాదం. హోరుగాలిలో బీచ్ రోడ్డు మీద గొడుగు పట్టుకున్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు.

లెక్కేసి చూద్దాం. కట్టడాల మీద గాలి భారానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం విశాఖ, విజయవాడల్లో లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. 50 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకి దాదాపు 150 కేజీల ఒత్తిడి పెడుతుంది. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవున్న పెర్గోలాని షీటుతో పూర్తిగా కప్పారనుకోండి. 12 చదరపు మీటర్లకి 1,800 కేజీలు. ఫ్రేమూ షీటూ కలిపి ఓ 300 కేజీలు ఉంటాయనుకుంటే, మిగతా 1,500 కేజీలనీ నాలుగు కాళ్లే పంచుకోవాలి. కాలుకి 375 కేజీలు. చుట్టూ ఇళ్లున్న పెరట్లో ఇది కొంత తగ్గుతుంది. డాబా మీద, కొండవాలు కాలనీల్లో పెరుగుతుంది.

అపోహ: పైన పట్టీలే కదా, గాలి సందుల్లోంచి వెళ్లిపోతుంది.

వాస్తవం: పట్టీలున్నంతవరకు ఇది చాలామటుకు నిజమే. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. మొదటి ఎండాకాలం గ్రీన్ నెట్ కడతారు. మొదటి వానాకాలం నెట్ తీసి పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు వేస్తారు. పైన భారం అంతా మారిపోయింది, కింద బోల్టులు మాత్రం పాతవే. అందుకే మీరు షీటు వద్దని ఎంత గట్టిగా చెప్పినా, షీటు వేస్తారనే అనుకుని కాళ్లు బిగించమని నా కుర్రాళ్లకి చెబుతాను. ఖర్చులో తేడా కొద్దిగానే ఉంటుంది.

అపోహ: టైల్స్ మీద పొడుగు బోల్టు కొడితే చాలు.

వాస్తవం: ఎక్కువ పెర్గోలాలు ఊడేది ఇక్కడే. గాలికి ఒరిగిపోయిన పెర్గోలాని సరిచేయమని ఒక ఇంటివాళ్లు పిలిచారు. బేస్ ప్లేటు (కాలు అడుగున ఉండే ఇనుప పలక) కింద టైలు నాలుగు చెక్కలైంది. బోల్టు చేత్తో లాగితేనే వచ్చేసింది. మరల్లో ఇరుక్కుని ఉన్నది ఇసుకా సిమెంటూ కలిసిన మాలు పొడి, చివర్న మాత్రం కాస్త కాంక్రీటు దుమ్ము. అది 100 మి.మీ. బోల్టు. బేస్ ప్లేటు, వాషర్, నట్టుకే 25 పోయింది. టైలు, దాని కింద మాలు కలిపి 60. కాంక్రీటులోకి దిగింది 15 మి.మీ. 12 మి.మీ. మందం యాంకర్ బోల్టు (బిగిస్తే కన్నంలో విచ్చుకుని పట్టుకునేది) అసలు కాంక్రీటులోకి దాదాపు 70 మి.మీ. దిగాలి. టైలు మందం, మాలు మందం లెక్కలోకి రావు, ఎందుకంటే అవి లాగుడుని పట్టవు. ముందు ఒక చోట చిన్న కన్నం వేసి కింద ఎంత లోతులో ఏముందో తెలుసుకున్నాకే బోల్టు పొడవు నిర్ణయించాలి.

గచ్చు అంచుకి మరీ దగ్గరగా కొట్టినా ప్రమాదమే. యాంకర్ లోపల విచ్చుకున్నప్పుడు అంచు పగిలి ఊడిపోతుంది. 12 మి.మీ. బోల్టుకి అంచు నుంచి కనీసం 12 సెంటీమీటర్లు వదలండి. అంత చోటు లేకపోతే కెమికల్ యాంకర్ (కన్నంలో జిగురు మందు నింపి రాడ్డుని అతికించేది) మేలు, అది కాంక్రీటుని విచ్చదియ్యదు. అయినా అంచుకి అతుక్కుపోయేలా పెట్టకూడదు. దాన్ని వేసే పద్ధతి ఎంత జాగ్రత్తగా ఉండాలో ఎంత చెప్పినా తక్కువే. కన్నం వేశాక బ్లోయర్‌తో ఊదాలి, వైరు బ్రష్షుతో తోమాలి, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే మందు దుమ్ముకి అంటుకుంటుంది, కాంక్రీటుకి కాదు. ట్యూబులోంచి మొదట వచ్చే చారలు చారల మందుని పారేసి, రంగు ఒకేలా వచ్చాకే వాడాలి. అడుగు నుంచి నింపుకుంటూ రావాలి, రాడ్డు తిప్పుతూ దించాలి, ట్యూబు మీద రాసిన సమయం గడిచేదాకా ముట్టుకోకూడదు. డబ్బు పెట్టి మంచి మందు కొని, బ్రష్షు కొట్టడానికి బద్ధకించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: పేవర్ బ్లాకుల మీద కూడా బిగించొచ్చు.

వాస్తవం: బిగించకూడదు. ఇసుక మీద పేర్చిన బ్లాకు బోల్టుతో పాటే పైకొస్తుంది. కాలు వచ్చే చోట బ్లాకులు తీసి కాంక్రీటు దిమ్మ పోయాల్సిందే. 45 సెం.మీ. చదరంగా, 60 లోతున పోసిన దిమ్మ 290 కేజీలుంటుంది. ఉత్త పట్టీలకి సరే. షీటు వేసే ఉద్దేశం ఉంటే పైన చెప్పిన 375 గుర్తు తెచ్చుకోండి. 60 సెం.మీ. చదరం, 75 లోతు చేస్తే దిమ్మ 650 కేజీల దాకా వస్తుంది, టెన్షన్ ఉండదు. పోసిన మర్నాడే యాంకర్ కొట్టేస్తామంటే ఒప్పుకోకండి. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది.

అపోహ: కాలుని నేరుగా కాంక్రీటులో పాతేస్తే అంతకంటే గట్టిది లేదు.

వాస్తవం: మొదట్లో గట్టిగానే ఉంటుంది. కాంక్రీటూ ఇనుమూ కలిసే గీత దగ్గర నీళ్లు నిలిచి, సరిగ్గా ఆ గీత దగ్గరే పైపుని తుప్పు తినేస్తుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. బేస్ ప్లేటు వేసి, దిమ్మని నేలకంటే రెండంగుళాలు ఎత్తులో ఉంచి, పైన నీళ్లు జారేలా వాలు ఇవ్వండి.

అపోహ: జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుకి తుప్పు పట్టదు.

వాస్తవం: వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది. అక్కడ మామూలు పెయింటు సరిపోదు, మసి గీకేసి జింక్ రిచ్ ప్రైమర్ వేయాలి. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. పైపు పై చివర మూతలు పెట్టడం, లోపల చేరిన నీళ్లు పోవడానికి కాలు అడుగున చిన్న కన్నం వదలడం కూడా మర్చిపోవద్దు.

అపోహ: ఒక్కో మూలా గట్టిగా బిగించుకుంటూ పోతే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: అలా చేస్తే నాలుగో మూలకి వచ్చేసరికి బోల్టు కన్నాలు కలవవు. అప్పుడు కన్నాన్ని సాగదీస్తారు, లేదా సుత్తితో కాలుని జరుపుతారు. అన్నీ వదులుగా తగిలించి, కర్ణాలు రెండూ కొలవండి. 3 × 4 మీటర్లకి రెండూ సరిగ్గా 5 మీటర్లు రావాలి. కాళ్లకి రెండు వైపులా రసమట్టం పెట్టి చూసి, అప్పుడు కింద కన్నాలు వేసి, చివర్లో అన్నీ బిగించాలి. కాలూ దూలమూ కలిసే చోట ఏటవాలు బ్రేసులు అందం చెడగొడతాయని తీయించకండి, అవి లేకపోతే ఫ్రేము ఊగుతుంది. ఆ ఊగుడుకే బోల్టులు వదులవుతాయి.

షీటు గురించి ఒక్క మాట. 4 మీటర్ల పాలికార్బొనేట్ షీటు 30 డిగ్రీల వేడి తేడాకి దాదాపు 8 మి.మీ. సాగుతుంది, అంతే పొడవు ఇనుము ఒకటిన్నర మి.మీ. మాత్రమే. షీటులో కన్నాలు స్క్రూ కంటే పెద్దవిగా ఉండాలి, లేకపోతే కన్నం చుట్టూ పగుళ్లొస్తాయి.

అపోహ: డాబా మీద ఎక్కడ కావాలంటే అక్కడ కాలు పెట్టొచ్చు.

వాస్తవం: ఇళ్ల స్లాబు సాధారణంగా అయిదంగుళాలే. దాన్ని లోతుగా తొలిస్తే వాటర్‌ప్రూఫింగ్ పోతుంది, ఊచ తెగినా తెగుతుంది. కింద పిల్లర్లు, బీములు ఉన్న చోటే కాళ్లు రావాలి. నాలుగంగుళాల ఇటుక పిట్టగోడకి కాలుని బిగించి వదిలేయడం నేను ఒప్పుకోను. గాలికి గోడతో సహా వీధిలో పడే ప్రమాదం ఉంది.

అపోహ: ఒకసారి బిగిస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: మే నెలలో ఒకసారి, అక్టోబర్ రాకముందు ఒకసారి స్పానర్ పట్టుకుని ప్రతి నట్టూ చూడండి. నట్టు చేత్తో తిరిగితే దాన్ని బిగించి ఊరుకోకండి, లోపల యాంకర్ జారిందేమో చూడండి: బిగించేకొద్దీ బోల్టు పైకి వస్తుంటే అది పోయినట్టే, పక్కన కొత్త కన్నం వేయాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు గాలి మొదలవకముందే గ్రీన్ నెట్ విప్పేసి, వేలాడే కుండీలు లోపల పెట్టండి. గాలి మొదలయ్యాక మాత్రం నిచ్చెన ఎక్కకండి.