స్టార్మ్ డోర్ మీరే మార్చుకుంటున్నారా? నేను తరచూ వినే అపోహలు, గుమ్మం దగ్గర చూసే వాస్తవాలు

న్యూజెర్సీలో ఇళ్ళకు తలుపులు, కిటికీలు బిగించడం నా పని. 12 ఏళ్ళు దాటింది. ఏటా అక్టోబరు వచ్చేసరికి మనవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, స్టార్మ్ డోర్ కొనుక్కొచ్చాను, శనివారం నేనే పెట్టేసుకుంటాను, పెద్ద పనేం కాదుగా?" అంటారు. పెట్టుకోవచ్చు. డ్రిల్ పట్టుకోవడం అలవాటున్నవాళ్ళు, పక్కన సాయానికి ఇంకో మనిషి ఉంటే, ఒక పూటలో చేసుకోగల పనే. కానీ ఈ తలుపు గురించి కొన్ని తప్పు నమ్మకాలు బాగా పాతుకుపోయాయి. వాటివల్ల మంచి మెయిన్ డోర్లు పాడవడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే రాస్తున్నాను.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం ఒక మాట. స్టార్మ్ డోర్ అంటే మెయిన్ డోర్‌కి బయటివైపు, అదే గుమ్మానికి బిగించే రెండో తలుపు. ఎక్కువగా అల్యూమినియం చట్రం, మధ్యలో అద్దం ఉంటాయి. మెయిన్ డోర్ లోపలికి తెరుచుకుంటే ఇది బయటికి తెరుచుకుంటుంది. చాలా రకాల్లో ఎండాకాలం అద్దం తీసి దోమతెర పెట్టుకోవచ్చు.

అపోహ: పేరులోనే స్టార్మ్ ఉంది, తుఫానును ఆపుతుంది.

2014లో హుద్‌హుద్‌ను కళ్ళారా చూసిన విశాఖ ఆయన ఒకరు నన్ను ఇదే అడిగారు. ఆపదు. వాన జల్లు, మంచు, చలిగాలి నేరుగా మెయిన్ డోర్‌కి కొట్టకుండా చూడటమే దీని పని. హరికేన్ గాలికి ఇది అడ్డు కాదు. పైగా ఈదురుగాలి రోజున తెరిచిన తలుపును గాలి లాక్కుపోతే క్లోజర్ (తలుపును మెల్లగా మూసే గొట్టం) బిగించిన బ్రాకెట్ చెక్కతో సహా ఊడొస్తుంది. కిట్‌లో స్ప్రింగు ఉన్న చిన్న గొలుసు ఇస్తే పక్కన పడేయకండి. అది అందుకోసమే.

అపోహ: పాత తలుపు 36 అంగుళాలు, కొత్తది కూడా 36 తెచ్చుకుంటే చాలు.

కొలవాల్సింది తలుపును కాదు, గుమ్మాన్ని. మెయిన్ డోర్ చుట్టూ బయటివైపు ఉండే చెక్క అంచును ఇక్కడ బ్రిక్ మోల్డ్ అంటారు. ఎడమ అంచు నుంచి కుడి అంచుకి పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల టేపు పెట్టండి. మూడింటిలో చిన్న కొలతే మీ కొలత. ఎత్తు కూడా గడప నుంచి పై అంచు దాకా అలాగే. మామూలుగా 36 అంగుళాల తలుపు 35 7/8 నుంచి 36 3/8 దాకా ఉన్న గుమ్మానికి పడుతుంది. ఎత్తు 80 నుంచి 81. పాత ఇళ్ళు కుంగి ఉంటాయి, పైన 36 ఉన్న గుమ్మం కింద 35 3/4 ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో కొలత అందరూ మరిచిపోతారు. మెయిన్ డోర్ హ్యాండిల్ ఎంత బయటికి పొడుచుకొచ్చిందో చూడండి. రెండు హ్యాండిళ్ళు ఒకదానికొకటి తగిలితే మెయిన్ డోర్ మూసి ఉండగా స్టార్మ్ డోర్ పూర్తిగా మూతపడదు.

అపోహ: పాతది ఊడదీసి, అవే రంధ్రాల్లో కొత్తది బిగించేస్తే అయిపోతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువ గొడవపడేది దీని మీదే. స్టార్మ్ డోర్ బరువంతా మోసేది ఆ చెక్క అంచే. పాత తలుపు తీయగానే కొత్త పెట్టె విప్పకండి. ముందు ఒక స్క్రూ డ్రైవర్ తీసుకుని చెక్కను కింది నుంచి జానెడు ఎత్తు దాకా పొడిచి చూడండి. గట్టి చెక్క అయితే మొన దిగదు, టక్ మని చప్పుడొస్తుంది. పుచ్చిన చెక్క పైకి పెయింట్‌తో నున్నగా కనిపిస్తూనే మొనను కేకులోకి దిగినట్టు దిగనిస్తుంది. అలాంటి చోట ఎంత పొడవు స్క్రూ వేసినా ఆ చలికాలం దాటదు. ముందు ఆ చెక్క మార్చాలి. తలుపు వారం ఆలస్యమైనా నష్టం లేదు.

మీ ఇల్లు 1978కి ముందు కట్టిందైతే ఇంకా జాగ్రత్త. అమెరికాలో ఇళ్ళకు సీసం కలిసిన పెయింట్‌ను నిషేధించింది ఆ ఏడాదే. పాత పెయింట్ గీకితే, పొడిగా ఇసుక కాగితం పడితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతుంది. డబ్బు తీసుకుని అలాంటి ఇళ్ళలో పనిచేసే మాకు 2010 నుంచి శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి. సొంత ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఆ నిబంధన లేదు. కానీ దుమ్ముకు ఆ తేడా తెలియదు కదా. కింద ప్లాస్టిక్ షీటు పరిచి, తడిపి గీకి, పిల్లల్ని ఆ రోజు ఇంకో ఇంటికి పంపండి.

బిగించేటప్పుడు బందుల వైపు నిలువు సరిగ్గా ఉందో లేదో రసమట్టంతో చూసుకోండి. పై బందుకి ఒక్క స్క్రూ వేసి, నిలువు చూసి, తలుపు పైన సందు సమానంగా ఉందని తేలాకే మిగతావి వేయండి. బందుల పట్టీ పొడవెక్కువైతే నేను వాడే రకాల్లో కింది కొసనే, గడప వాలుకు తగ్గట్టు కోయాలి. మొదటి ఏడాది నేను తొందరలో పై కొస కోశాను. బందులన్నీ కిందికి జరిగిపోయాయి. ఆ ఇంటావిడకి నా డబ్బుతో కొత్త కిట్ కొనిచ్చాను. అప్పటినుంచి కోసే కొస మీద టేపు అంటించి, బాణం గుర్తు వేసుకోనిదే రంపం పట్టను.

అపోహ: ఏ ఇంటికి పెట్టినా చలికాలం ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బిల్లు తగ్గుతుంది, కాబట్టి మంచిదే.

మెయిన్ డోర్ పాతదై, ఇంకా దిట్టంగా ఉంటే స్టార్మ్ డోర్ వల్ల ఉపయోగం ఉంది. ఈమధ్య కట్టిన ఇళ్ళలో తలుపులు లోపల ఫోమ్ నింపినవి. వాటికి ఇది పెడితే మిగిలేది అంతంత మాత్రమే. ఖర్చుకు తగ్గ ఆదా ఉండదని ఇక్కడి ఇంధన శాఖే చెబుతుంది. వెలుతురు కోసమో, దోమతెర కోసమో పెట్టుకోండి, బిల్లు కోసం వద్దు.

మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. మనం ఏరికోరి తూర్పు ముఖం ఇల్లు కొంటాం. పొద్దున ఎండ నేరుగా గుమ్మం మీదే పడుతుంది. నిలువెత్తు అద్దం ఉన్న స్టార్మ్ డోర్ మూసి ఉంచితే ఆ వేడి రెండు తలుపుల మధ్య ఇరుక్కుపోతుంది. ఎండలో అద్దాలు ఎత్తి నిలబెట్టిన కారు లోపల ఎలా ఉంటుందో అలాగే. ఇక్కడి ఎడిసన్ ఊళ్ళో ఒక ఇంట్లో ముదురు ఎరుపు మెయిన్ డోర్ చూశాను. దాని చిన్న అద్దం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీ అప్పడంలా వంకర తిరిగింది. స్టార్మ్ డోర్ పెట్టి రెండు వేసవులు కూడా కాలేదు. రోజూ కొన్ని గంటలు నేరుగా ఎండ పడే గుమ్మానికి అద్దం స్టార్మ్ డోర్ వద్దనే నేను చెబుతాను. పెట్టే తీరాలంటే ఏప్రిల్ నుంచి అద్దం తీసి దోమతెర వేయండి. మెయిన్ డోర్ వారంటీ కాగితంలో స్టార్మ్ డోర్ గురించి ఏం రాశారో కూడా చదవండి.

అపోహ: అంత అద్దం పగిలితే పిల్లలకి ప్రమాదం.

1977 నుంచి అమెరికాలో స్టార్మ్ డోర్లకు భద్రతా గాజు వాడాలని చట్టం. పగిలినా పెద్ద పెద్ద కత్తి ముక్కలు కాదు, ఎక్కువగా చిన్న చిన్న పలుకులవుతుంది. టెన్షన్ పడాల్సింది అంతకంటే పాత తలుపు ఇంకా ఉన్న ఇళ్ళవాళ్ళు.

అపోహ: కింద సందు కనిపిస్తే సీలెంట్ కొట్టి మూసేయాలి.

వద్దు. తలుపు అడుగున రబ్బరు పట్టీ ఉన్న భాగం కిందికి, పైకి జరుగుతుంది. ఆ రబ్బరు గడపను తాకీ తాకనట్టు ఉంటే చాలు. సీలెంట్ పెడితే లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి ఉండదు. చలికాలం అద్దం లోపలివైపు చెమ్మ పడుతుంటే తప్పు సాధారణంగా స్టార్మ్ డోర్‌ది కాదు. మెయిన్ డోర్ చుట్టూ ఉన్న రబ్బరు అరిగి, ఇంట్లోని వెచ్చటి తేమగాలి బయటికి కారుతోందన్నమాట. ఆ రబ్బరు మార్చండి.

దీపావళికి గడప దగ్గర దీపాలు పెట్టేవాళ్ళకి ఒక మనవి. ఈ తలుపు బయటికి తెరుచుకుంటుంది, అడుగు రబ్బరు నేలకు ఆనుకున్నట్టే వస్తుంది. తలుపు తిరిగే దారికి అవతల పెట్టండి. రెండు తలుపుల మధ్య మాత్రం ఎప్పుడూ వెలిగించి పెట్టకండి.

అపోహ: క్లోజర్ ఒకసారి సెట్ చేస్తే ఇక చూడక్కర్లేదు.

క్లోజర్ కొసన చిన్న స్క్రూ ఉంటుంది. సాధారణంగా కుడివైపు తిప్పితే తలుపు నెమ్మదిస్తుంది, ఎడమవైపు తిప్పితే వేగం పెరుగుతుంది. అద్దం ఉన్నప్పుడు రెండు తలుపుల మధ్య గాలి దిండులా అడ్డుపడి తలుపు చివర్లో ఆగుతుంది, గడియ పడదు. దోమతెర వేస్తే గాలి తెరలోంచి పోతుంది కాబట్టి అదే తలుపు ధడాలున కొట్టుకుంటుంది. అమ్మ మా ఇంటికి వచ్చిన మొదటి వేసవిలో నేను తెర వేసి, ఈ స్క్రూ ముట్టుకోలేదు. ఆవిడ తులసి కుండీకి నీళ్ళు పోయడానికి బయటికి అడుగు పెట్టగానే తలుపు వెనక నుంచి వచ్చి మడమకి తగిలింది. పది రోజులు కుంటుతూ నడిచింది. ఇప్పుడు నేను ఎవరింట్లో పని ముగించినా వాళ్ళ చేతికే స్క్రూ డ్రైవర్ ఇచ్చి, ఆ స్క్రూను పావు చుట్టు తిప్పించి, తలుపు ఎలా మూతపడుతుందో నాలుగైదుసార్లు చూడమంటాను.