అత్తది ఇంకా చదువేనా అని అడిగారుగా!

చిన్నూ, హాసినీ,

పీహెచ్‌డీ అయిపోయాక కూడా అత్త ఇంకా చదువుకుంటూనే ఉందేంటి తాతయ్యా అని అడిగారు. చుట్టాలు కూడా పెళ్లిళ్లలో నన్ను అడిగేది ఇదే. చదువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు చేసేది ఉద్యోగమే, పోస్ట్‌డాక్ అంటారు. మామూలుగా రెండు మూడేళ్ల కాంట్రాక్టు. జీతమిచ్చి పరిశోధన చేయమంటారు. గడువు దగ్గరపడేసరికి మళ్లీ అప్లికేషన్లు, మళ్లీ టెన్షన్, మళ్లీ ఇంకో ఊరు. ఆ పద్ధతి నాకేం నచ్చదు, అది వేరే సంగతి.

అత్త పని డెసి అనే ఆకాశ సర్వే డేటాతో, అంటే ఏ గెలాక్సీ ఎంత దూరంలో ఉందో కొలిచి విశ్వానికి మ్యాపు గీసే పని. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో కిట్ పీక్ కొండ మీద నాలుగు మీటర్ల మేయాల్ టెలిస్కోపు ఉంది. దానికి బిగించిన పరికరమే డెసి. అందులో కన్ను పెట్టి ఎవరూ చూడరు. కాంతిని మోసుకెళ్లే 5,000 సన్నటి ఫైబర్లు, ఒక్కోదాన్ని కదిపే చిన్న రోబో ఉంటాయి. ఏ గెలాక్సీ ఎక్కడుందో ఫొటోల నుంచి ముందే జాబితా రాసి పెడతారు. రోబోలు ఫైబర్ల కొనల్ని కచ్చితంగా ఆ చోట్లకు జరుపుతాయి. దీనికి ముందు న్యూ మెక్సికోలో స్లోన్ అనే ఇంకో ఆకాశ సర్వే వాళ్లు అల్యూమినియం పలకలకు రంధ్రాలు వేయించి, ఫైబర్లను ఒక్కొక్కటిగా చేత్తో గుచ్చేవారు!

ఫైబర్‌లోంచి వచ్చిన కాంతిని రంగులుగా విడదీస్తారు. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి దూరపు గెలాక్సీల కాంతి దారిలో సాగి ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే ఆ కాంతి బయల్దేరాక విశ్వం ఎంత పెరిగిందో తెలుస్తుంది.

దూరాలు కొలవడానికి ఒక కొలబద్ద కూడా కావాలి కదా. విశ్వం పుట్టాక సుమారు 3,80,000 ఏళ్ల వరకు అంతటా సలసల కాగే ప్లాస్మానే, అంటే అణువులు కూడా నిలవనంత వేడి వాయువు. అందులో ధ్వని తరంగాలు పరిగెత్తి, అది చల్లబడగానే ఆగిపోయాయి. ఆ జాడ ఇంకా ఉంది. ఇప్పటి లెక్కలో దాదాపు 49 కోట్ల కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్న గెలాక్సీల జంటలు కాస్త ఎక్కువగా దొరుకుతాయి. ఆ ఎడమే మన కొలబద్ద. ఆ 'కాస్త'ను పట్టడానికే లక్షల కొద్దీ గెలాక్సీలు కావాలి.

ఇక అత్త రోజూ చేసేదంటారా, ఎక్కువ భాగం అనుమానించడమే. ఒకచోట గెలాక్సీలు తక్కువ కనబడితే నిజంగానే తక్కువా, లేక మన పాలపుంతలోని ధూళి అడ్డొచ్చిందా? సూపర్ కంప్యూటర్లలో ఉత్తుత్తి విశ్వాలు తయారుచేసి, తమ ప్రోగ్రామ్ వాటిలో సరైన జవాబు రాబడుతుందో లేదో చూస్తారు.

వీటన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది. లెక్కల పుస్తకం వెనక జవాబు చూసి, అది వచ్చేదాకా స్టెప్పులు సర్దుతారే, మీ సంగతి నాకు తెలుసు. పెద్ద పెద్ద సైంటిస్టులకూ ఆ బుద్ధి ఉంటుంది. అనుకున్న జవాబు రాగానే తప్పులు వెతకడం ఆపేస్తారు. అందుకని డెసి వాళ్లు గెలాక్సీల జాబితాలో దూరాలను కావాలనే రహస్యంగా కొంచెం మార్చేస్తారు. మార్చిన జాబితా మీదే నెలల తరబడి పని చేస్తారు. పరీక్షలన్నీ నెగ్గి, ఇక పద్ధతి మార్చం అని తేల్చుకున్నాకే అసలు జాబితా తెరుస్తారు. ఏ జవాబు వచ్చినా దాన్నే ప్రకటించాలి.

అలా వచ్చిన జవాబే ఇప్పుడు గొడవ పెడుతోంది. విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) ద్వారా తెలిసింది. 2011లో దానికి నోబెల్ వచ్చింది. ఆ వేగానికి కారణమైనదాన్ని డార్క్ ఎనర్జీ అన్నారు, అది ఎప్పటికీ మారదనుకున్నారు. 2025 మార్చిలో డెసి మూడేళ్ల డేటా, దాదాపు కోటిన్నర గెలాక్సీలు, క్వేజార్ల (బాగా ప్రకాశించే గెలాక్సీ కేంద్రాల) మీద చేసిన లెక్కల ఫలితాలు బయటికొచ్చాయి. దాన్ని ఇతర కొలతలతో కలిపి చూస్తే డార్క్ ఎనర్జీ కాలంతో పాటు బలహీనపడుతున్నట్టు ఉంది. 'ఉంది' అని నేను తొందరపడుతున్నాను గానీ అత్త ఒప్పుకోదు. ఏ సూపర్‌నోవాలను కలిపామన్న దాన్ని బట్టి ఆ సూచన 2.8 నుంచి 4.2 సిగ్మా దాకా మారుతోంది. సిగ్మా అంటే ఫలితం కాకతాళీయం కాదనడానికి ఎంత గట్టి ఆధారం ఉందో చెప్పే లెక్క. కనుక్కున్నాం అనాలంటే 5 దాటాలి.

అన్నట్టు, సర్వే మొదటి ఏడాది డేటాను అందరికీ ఉచితంగా పెట్టేశారు. మొత్తం 270 టెరాబైట్లు, మీ నాన్న ల్యాప్‌టాప్‌లో పట్టదు. ఒక చిన్న ముక్క ఎలా తెరవాలో ఆదివారం అత్త ఫోన్ చేసినప్పుడు అడగండి. పెళ్లి సంగతి మాత్రం ఎత్తకండి, దానికి మీ నానమ్మ ఉంది.

మీ తాతయ్య