మూత్రంలో మంట: ప్రతిదానికీ ‘వేడి’ కారణం కాదు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఒంటేలుకు పోతే చురుక్కుమన్నదంటే మొదట వచ్చే మాట "వేడి చేసింది". ఆ మాట దగ్గరే వారం, పది రోజులు ఆగిపోతారు. మంట ఎక్కడ పుడుతోంది, ఎప్పుడు పుడుతోంది, దాంతోపాటు ఇంకేం ఉంది అని ముందు చూసుకోవాలి.

అపోహ: వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగితే పోతుంది.

ఇందులో సగం నిజముంది. పొద్దంతా ఎండలో పత్తి చేనులో పనిచేసి రెండు గ్లాసుల నీళ్లతో గడిపితే మూత్రం చిక్కబడి ముదురు పసుపుకు తిరుగుతుంది, పోసేటప్పుడు మండుతుంది. ఈ మంటకు నీళ్లే మందు. గంటకో పెద్ద గ్లాసు నీళ్లు, మధ్యలో పలుచటి సల్ల, అంబలి తాగుతుంటే కొన్ని గంటల్లోనే మూత్రం లేత వరిగడ్డి రంగుకు వస్తుంది, మంట కూడా పోతుంది. సబ్జా అయినా బార్లీ అయినా మేలు చేసేది అందులోని నీళ్లే.

మూత్రం తేటపడ్డా మంట పోలేదంటే మాత్రం అది వేడి కాదు. ఎక్కువగా అది ఇన్ఫెక్షనే. మలద్వారం దగ్గరుండే ఈ-కోలై అనే బ్యాక్టీరియా మూత్రనాళం గుండా పైకి పాకి మూత్రాశయం లోపలి పొరను వాపెక్కిస్తుంది. అప్పుడు కొద్దిగా మూత్రం చేరినా నిండినట్టే ఉంటుంది. మాటిమాటికీ పరుగెత్తడం, పోతే నాలుగు చుక్కలే రావడం, చివర్లో పొత్తికడుపును పిండినట్టు నొప్పి, ఇవన్నీ అందుకే. ఆడవాళ్లకు మూత్రనాళం 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు దాదాపు 20. ఆడవాళ్లకే ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఇదే. శుభ్రత లేకనే వచ్చిందని వాళ్లను నిందించడం అన్యాయం.

మూత్రం తగిలిన చోట బయటి చర్మమే మండుతూ, దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే అది ఫంగస్ కావచ్చు. మూత్రం ఇన్ఫెక్షన్ గోలీలతో అది తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవాళ్లకు చక్కెర మూత్రంలోకి పోతుంది కాబట్టి ఈ ఫంగస్ తేలిగ్గా పడుతుంది. ఆ గోలీల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్ల వల్లే ఈ మంట.

మర్రిగూడ, మునుగోడు వైపు ఈ భయం సహజమే. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద పడుతుంది. మూత్రంలో మంట దాని గుర్తు కాదు. దానికి భయపడి నీళ్లే తగ్గించుకుంటే అసలు ముప్పు. నల్లా ద్వారా వచ్చే మిషన్ భగీరథ నీళ్లు తాగండి. బోరు నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: నీళ్లు తాగకుంటే చేనులో ఒంటేలు బాధ ఉండదు.

చాటు దొరకదని పొద్దటి నుంచి నీళ్లు మానేసి, సాయంత్రం దాకా ఆపుకునే కూలి అక్కలకు ఇదే పెద్ద శత్రువు. నిలిచిన మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, పోసినప్పుడల్లా కొట్టుకుపోతుంది. 3, 4 గంటలకోసారి పోవాలి. పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లు రోజూ తాగేదానికి మరో లీటరున్నర కలిపితే రావడం బాగా తగ్గుతుంది. గట్టు మీద నాలుగు కర్రలు పాతి పాత చీర చుట్టినా చాటు అవుతుంది. ఈ పని మేస్త్రీ చేయించాలి.

అపోహ: కల్లు, బీరు తాగితే మంట పుట్టించే కిడ్నీ రాయి పడిపోతుంది.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, పేరు కల్లుకు వస్తుంది. మద్యంతో కాసేపు మూత్రం ఎక్కువగా వచ్చినా తర్వాత ఒళ్లు ఎండిపోతుంది. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్తీ కల్లయితే నొప్పి తెలియకుండా పోవచ్చు, రాయి మాత్రం అక్కడే ఉంటుంది. రాయితోపాటు చలిజ్వరం వస్తే అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

అపోహ: మెడికల్ షాపులో రెండు గోలీలు, ఒక సిరప్ చాలు.

ఆ సిరప్ మూత్రంలోని పులుపును తగ్గించి మంటను చల్లారుస్తుంది, బ్యాక్టీరియాను చంపదు. పైగా డాక్టర్లు తరచూ రాసే నైట్రోఫ్యురాంటోయిన్ అనే యాంటీబయాటిక్ పులుపు మూత్రంలోనే బాగా పనిచేస్తుంది, ఆ సిరప్ కలిస్తే దాని బలం తగ్గుతుంది. ఆ గోలీలు మామూలుగా 5 రోజులు, తిన్నాక వేసుకోవాలి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు పనికిరావు. షాపులో చేతికిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్‌లకు మన దగ్గర ఈ-కోలై చాలావరకు లొంగడం లేదు. రెండు రోజులు వేసి మానేస్తే, మిగిలేది మందుకు లొంగని బ్యాక్టీరియానే.

మంట మళ్లీమళ్లీ వస్తుంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్ పరీక్షకు (ఏ బ్యాక్టీరియా ఉంది, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) మూత్రం ఇవ్వాలి. ముందు మూత్రం వచ్చే చోట నీళ్లతో కడుక్కుని తుడుచుకోండి. మొదటి ధార వదిలేయండి. ఆపకుండానే ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ (క్రిములు లేని) డబ్బాలో మధ్య ధార 20, 30 మిల్లీలీటర్లు పట్టండి. డబ్బా లోపల, మూత లోపల వేలు తగలనీయకండి. గంటలోపు ల్యాబులో ఇవ్వాలి, కుదరకుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండలో బస్సులో రెండు గంటలు తిరిగిన శాంపిల్‌లో దారిలోనే బ్యాక్టీరియా పెరిగి, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు చూపిస్తుంది.

అపోహ: మగవాళ్లకు మంటంటే సెగరోగమే (లైంగికంగా అంటుకునే గనేరియా).

కాదు. 50 దాటినవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా ఖాళీ కాక రావచ్చు, రాయి వల్లా రావచ్చు. అయితే చీము కారుతుంటే సెగరోగం పరీక్ష తప్పదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఉచితంగా మందులిస్తారు, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలకూ పంపుతారు. భార్యాభర్తలిద్దరూ కలిసి మందు వాడకపోతే అది మళ్లీ అంటుకుంటుంది.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే.

మాటిమాటికీ పోవడం మామూలే, మంట మామూలు కాదు. గర్భిణులకు మంట లేకున్నా మూత్రంలో ఇన్ఫెక్షన్ బయటపడితే మందు వాడాల్సిందే. వదిలేస్తే కిడ్నీకి పాకుతుంది, నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. చలిజ్వరం, నడుముకు ఒకవైపు నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.